సన్న సెగ మీద పాయా, నహారీ, మరగ్

హైదరాబాద్ పాతబస్తీ ఇళ్ళలో ఎముకలు కాచి చేసే చారులు ప్రధానంగా మూడు. మేక కాళ్ళతో కాచేది పాయా. కాళ్ళకు నాలుక కూడా తోడైతే నహారీ. ఎముక విడదీయని లేత మాంసంతో చేసేది మరగ్. మూడింటికీ మసాలా వేరు, చిక్కదనం వేరు, తినే వేళ కూడా వేరే. పని తీరు మాత్రం ఒక్కటే. చల్లటి నీళ్ళలో మొదలుపెట్టాలి, తెట్టు తీసెయ్యాలి, ఆపైన సన్న సెగ మీద గంటల తరబడి ఓపిక పట్టాలి. మదీనా, నయాపుల్ దారిలోని షాదాబ్, నయాబ్ వంటి హోటళ్ళ వల్ల వీటి పేర్లు ఊరు దాటి వెళ్ళాయి. అయినా ఈ వంటలో మేలైన రుచి ఇంటి గంజులోనే దొరుకుతుంది. కాళ్ళు ఎంత శుభ్రంగా తోమారో, మంట ఎంత తగ్గించారో, పిల్లలూ పెద్దలూ తాగగలిగేలా కారం ఎక్కడ ఆపారో చూసుకునే వీలు ఇంట్లోనే ఉంటుంది.

నహారీ ఉత్తరాది నుంచి వచ్చింది. ఢిల్లీ, లక్నోలలో అది పొద్దుటి ఆహారం. అక్కడ పెద్ద మాంసం ముక్కలు వేసి, గోధుమపిండి కలిపి చిక్కగా దించుతారు. హైదరాబాద్ చేతిలో అది పలచబడింది. పిండి పోయింది, కాళ్ళూ నాలుకా వచ్చాయి, ఇక్కడి పొట్లీ మసాలా (గుడ్డలో కట్టిన దినుసుల మూట) సువాసన చేరింది. రాత్రి పొయ్యి మీదికెక్కిన గిన్నె తెల్లవారుజామున దిగుతుంది. పక్కన కుల్చా గానీ, నాలుగు మూలల నాన్ గానీ ఉండాల్సిందే. పురానీ హవేలీ దగ్గర 1851లో మొదలైన మున్షీ నాన్ కొట్టు ఈ నాలుగు మూలల నాన్లకు పేరుపడింది. ఇంట్లో నహారీ కాచుకునేవాళ్ళు కూడా నాన్ మాత్రం కొట్టు నుంచే తెప్పించుకుంటారు. తందూరు అన్ని ఇళ్ళలో ఉండదు కదా.

మరగ్ దారి వేరు. పాతబస్తీకి దక్షిణాన, చాంద్రాయణగుట్ట పక్కన ఉన్న బార్కస్ ఒకప్పుడు నిజాం కొలువులోని అరబ్బు సైనికుల బస. వాళ్ళలో ఎక్కువ మంది యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం వాళ్ళు. హద్రమౌత్‌లో 1967 దాకా సాగిన ఖుఐతీ సుల్తానుల వంశానికి మూలపురుషుడైన ఉమర్ బిన్ అవద్ 19వ శతాబ్దంలో నిజాం సైన్యంలో జమాదారుగా పనిచేసినవాడే. 1948 తర్వాత ఆ సైన్యం లేకుండా పోయింది. కొందరు తిరిగి వెళ్ళారు, చాలామంది ఇక్కడే స్థిరపడ్డారు. యెమెన్‌లో భోజనానికి ముందు ఇచ్చే మాంసపు చారు పలచగా, తేటగా ఉంటుంది. హైదరాబాద్‌లో దానికి జీడిపప్పు, బాదం, పాలు, మీగడ చేరాయి. ఇప్పుడు పాతబస్తీ పెళ్ళి విందు చాలాచోట్ల మరగ్‌తోనే మొదలవుతుంది. బిర్యానీ వచ్చేలోగా అతిథి చేతిలో ముందు పడేది ఆ గిన్నే.

చుట్టుపక్కల తెలుగు ఇళ్ళలోనూ ఇటువంటి వంట ఉంది. మేక కాళ్ళ చారు, తలకాయ కూర, బొక్కల చారు తెలంగాణ ఊళ్ళన్నిటా తెలిసినవే. వాటిలో పొట్లీ ఉండదు. మిరియాలు, ధనియాలు, ఎండుకొబ్బరి, గసగసాలతో సరిపెడతారు, కొన్ని చోట్ల చింతపండు పులుపు వేస్తారు. ఎవరి గిన్నెలోనైనా పడేది మటన్ కొట్టులో తక్కువ ధరకు వచ్చే భాగాలే. కాళ్ళు, మెడ, మూలుగ బొక్క వంటి వాటికి డబ్బు కన్నా కాలం ఎక్కువ పెట్టాలి. కూరగా వండితే నలుగురికి చాలని ముడిసరుకు చారుగా కాస్తే పది మందికి సరిపోతుంది.

ఇందులో అన్నిటికన్నా ముఖ్యమైన పని పొయ్యి వెలిగించక ముందే ఉంది. కాళ్ళను మంట మీద కాల్చి, వెంట్రుకలు పోయేలా కత్తితో గీకాలి. ఇప్పుడు ఈ పని కొట్టులోనే చేసి, గిట్టలు తీసి, ముక్కలు కొట్టి ఇస్తున్నారు. అంతటితో అయిపోయిందనుకుంటే చారుకు మాడు వాసన తప్పదు. ఇంటికి తెచ్చాక గోధుమపిండో శనగపిండో చల్లి, కొంచెం ఉప్పు వేసి, ఒక్కో ముక్కనూ చేత్తో రుద్దాలి. గిట్టలు తీసిన చోటి చీలికలో మసి, వెంట్రుకలు దాగి ఉంటాయి కాబట్టి అక్కడ కత్తి మొన పెట్టి చూసుకోవాలి. కడిగిన నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగాలి. నాలుకకు ఇంకో మెట్టు ఉంది. మరిగే నీళ్ళలో 10 నిమిషాలు ఉంచి తీస్తే పైన ఉన్న గరుకు తెల్లపొర వదులవుతుంది. వేడి మీదే గీకేస్తే సులువుగా వస్తుంది, చల్లారితే మళ్ళీ అంటుకుపోతుంది.

తర్వాత ఎముకలన్నిటినీ చల్లటి నీళ్ళలో వేసి మెల్లగా వేడి చేస్తారు. మాంసంలో నీటికి కరిగే మాంసకృత్తులు వేడికి గడ్డకట్టి, బూడిదరంగు తెట్టుగా పైకి తేలతాయి. నీళ్ళు నిదానంగా కాగితే అవి ఒకచోట చేరతాయి, గరిటెతో తీసెయ్యడం తేలిక. మరుగుతున్న నీళ్ళలో ఒక్కసారిగా వేస్తే చిన్న చిన్న నలకలై చారంతా మసకబారుతుంది. దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ ఇళ్ళలో రెండు మూడు గంటలు కాచే చారులకు కూడా తొలిమెట్టు ఇదే. అక్కడ ఎముకలను ఒకసారి ఉడకబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కడిగి, కొత్త నీళ్ళతో మళ్ళీ మొదలుపెడతారు. పాతబస్తీలోనూ పాయాకు మొదటి నీళ్ళు పారబోసే ఇళ్ళు ఉన్నాయి. కాళ్ళకు ఇది మంచి పద్ధతే. మరగ్‌కు మాత్రం అలా చెయ్యకపోవడమే మేలు. లేత మాంసం రుచి సగం ఆ మొదటి నీళ్ళలోకే దిగిపోతుంది. అక్కడ తెట్టు తీస్తే చాలు.

ఇక మంట. మేక కాళ్ళలో కండ దాదాపు ఉండదు, ఉన్నదంతా తోలు, నరాలు, కీళ్ళు. వీటిని గట్టిగా పట్టి ఉంచేది కొల్లాజెన్ అనే మాంసకృత్తు. నీళ్ళలో చాలాసేపు సన్నగా ఉడికితే అది విడిపోయి జెలటిన్‌గా మారి చారులో కలుస్తుంది. పాయా తాగితే పెదవులు అంటుకున్నట్టు ఉండటం, రాత్రి మిగిలిన చారు ఫ్రిజ్‌లో గడ్డకట్టడం ఈ జెలటిన్ వల్లే. హోటళ్ళలో దొరికే మంచో సూప్‌కు చిక్కదనం కార్న్‌ఫ్లోర్‌తో వస్తుంది, ఆ పని ఐదు నిమిషాల్లో అయిపోతుంది. కాళ్ళ చారుకు పైనుంచి ఏ పిండీ అక్కర్లేదు. దానికి కాలమే కావాలి. మంట పెంచి తొందరపెడితే నీళ్ళు ఆవిరవుతాయి, కొవ్వు చారులో నలిగి కలిసిపోయి జిడ్డుగా మిగులుతుంది. గిన్నె అంచున ఒక్కో బుడగ లేచేంత సెగ చాలు. ఆ సెగ మీద మేక కాళ్ళకు నాలుగైదు గంటలు పడుతుంది.

ప్రెషర్ కుక్కర్ ఈ కాలాన్ని బాగా కుదించింది. దాన్ని చిన్నచూపు చూడనక్కర్లేదు. ఒక విజిల్ వచ్చాక మంట తగ్గించి 40 నిమిషాలు ఉంచితే కాళ్ళు మెత్తబడతాయి. ఆవిరి బిగిసి ఉన్నంతసేపూ లోపల నీళ్ళు తెర్లవు కాబట్టి చారు తేటగానే ఉంటుంది. చెడేది మూత తీసే తొందరలో. ఆవిరిని ఒక్కసారి వదిలేస్తే లోపల నీళ్ళు భగ్గున పొంగి, అప్పటిదాకా నిలిచిన తేటదనమంతా పోతుంది. దానంతట అది చల్లారే దాకా ఆగాలి. ఆ తర్వాత మూత లేకుండా ఇంకో అరగంట సన్న సెగ మీద ఉంచి, మసాలాలు ఆ దశలో వేస్తే పాత పద్ధతికి దగ్గరగా వస్తుంది.

మసాలాల్లో పాతబస్తీ సొగసు పొట్లీ కా మసాలా. పల్చటి మల్మల్ గుడ్డలో మూటగట్టి గిన్నెలో వదులుతారు, దించేముందు పిండి తీసేస్తారు. చారులో సువాసన ఉంటుంది, పలుకు ఉండదు. ధనియాలు, షాజీర, యాలకులు, దాల్చినచెక్క, లవంగాలు, బిర్యానీ ఆకు ఎవరైనా ఊహించగలరు. ఈ మూటకు ప్రత్యేకత తెచ్చేవి మిగతావి. బండల మీద పెరిగే రాతిపువ్వు, వట్టివేరు, చలవ మిరియాలు, గంధకచ్చూరాలు, ఎండు గులాబీ రేకులు, చిన్న గంధపుచెక్క ముక్క. మీర్ ఆలం మండీలోనూ, మూసీ అవతల బేగంబజార్‌లోనూ ఇవన్నీ కలిపిన పొట్లాలు అమ్ముతారు. రాతిపువ్వులో ఇసుక, చెత్త ఉంటాయి కాబట్టి ముందుగా కడిగి ఆరబెట్టుకోవాలి. మాంసం, అల్లం, మిరియాలు ఒంటికి వేడి చేస్తాయనీ, వట్టివేరు, చలవ మిరియాలు, గులాబీ ఆ వేడికి విరుగుడనీ ఇంటి పెద్దల లెక్క. గ్వాంగ్‌డాంగ్ ఇల్లాళ్ళు కూడా చారులో వేసే దినుసులను ఏది వేడి, ఏది చలవ అని ఋతువును బట్టే ఎంచుకుంటారు. ఒకరినొకరు ఎరగని రెండు వంటిళ్ళలో ఒకే ఆలోచన పుట్టడం ముచ్చటైన విషయం.

విందు వంటల పెద్ద దేగ్‌లో పొట్లీని మొదటి నుంచీ వేసేస్తారు. మూడు లీటర్ల ఇంటి గిన్నెకు అది ఎక్కువ. చివరి గంటలో వేస్తే చాలు, లేకపోతే చెక్క, లవంగం చేదు పైకి వస్తుంది.

ఐదారుగురికి పాయా కావాలంటే ఎనిమిది కాళ్ళు, మూడు లీటర్ల నీళ్ళు తీసుకోవాలి. రెండు ఉల్లిపాయలు, రెండు పెద్ద చెంచాల అల్లం వెల్లుల్లి ముద్ద, అర చెంచా పసుపు, నాలుగు పచ్చిమిర్చి వేసి మెత్తగా ఉడికిస్తారు. నీళ్ళు ఇగురుతూ పోతాయి కాబట్టి ఉప్పు చివర్లో వెయ్యడమే మంచిది, ముందే సరిపడా వేస్తే దించేసరికి కషాయమంత ఉప్పగా తేలుతుంది. మిరియాల పొడి, కొత్తిమీర, పుదీనా వేసి దించి, తాగే ముందు నిమ్మకాయ పిండుతారు. నహారీకి ఇదే చారులో ఒక నాలుక ముక్కలు, పొట్లీ మూట చేరతాయి. చివరన నేతిలోనో నూనెలోనో ఉల్లిపాయలు ఎర్రగా వేయించి, కొంచెం కారప్పొడి వేసి గిన్నెలో కలిపితే పైకి తరీ అనే ఎర్రటి నూనె పొర తేలుతుంది.

మరగ్‌లో పసుపు, కారప్పొడి అసలు పడవు, రంగు తెల్లగా నిలవాలి. 750 గ్రాముల మాంసంలో మెడ, చాప్‌లు, ఒకటి రెండు మూలుగ బొక్కలు ఉండేలా కొట్టించుకోవాలి. రెండు లీటర్ల నీళ్ళలో అల్లం వెల్లుల్లి, చీల్చిన పచ్చిమిర్చి, మిరియాలు, యాలకులు, దాల్చినచెక్క, షాజీరతో గంటన్నర కాస్తే లేత మాంసం ఎముక నుంచి వదులుతుంది. అప్పుడు 25 జీడిపప్పులు, 10 బాదంపప్పులు నానబెట్టి మెత్తగా రుబ్బిన ముద్దను ఒక గ్లాసు పాలలో కలిపి పోస్తారు. ఇక్కడి నుంచి గిన్నె దగ్గరే నిలబడాలి. జీడిపప్పు అడుగంటుతుంది, మంట పెరిగితే పాలు విరుగుతాయి. పెరుగు వేసే అలవాటుంటే బాగా గిలక్కొట్టి, మంట పూర్తిగా తగ్గించాకే వెయ్యాలి. పది నిమిషాలు కలుపుతూ ఉంచి, మీగడ వేసి దించితే మరగ్ సిద్ధం. ముద్ద మోతాదు పెంచితే అది సాలన్ అవుతుంది. గరిటె నుంచి ధారగా జారడమే మరగ్‌కు సరైన చిక్కదనం.

ఎముక విరిగినవాళ్ళకు పాయా పట్టాలన్న మాట హైదరాబాద్‌లో ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది. ఇందులో నిజమెంతో విడమరచి చెప్పుకోవాలి. ఎముకల్లోని కాల్షియం మామూలు నీళ్ళలోకి దిగేది చాలా కొద్ది. జెలటిన్ మాంసకృత్తే అయినా ట్రిప్టోఫాన్ అనే అత్యవసర అమైనో ఆమ్లం అందులో లేదు, అందుకని పప్పుకో గుడ్డుకో అది బదులు కాదు. గ్వాంగ్‌డాంగ్‌లో బాలింతలకు పంది కాళ్ళను అల్లం, వెనిగర్‌తో కాచి ఇస్తారు. ఆ పులుపు వల్ల ఎముక నుంచి కాల్షియం కొంత ఎక్కువ దిగుతుంది. పాయాలో నిమ్మరసం దించాక పడుతుంది కాబట్టి ఆ పని చెయ్యదు. అయినా ఈ చారు విలువ తగ్గదు. జ్వరపడి లేచినవారికి, అన్నం సయించనివారికి, పళ్ళు లేని ముసలివారికి వేడిగా, ఉప్పగా, తేలిగ్గా లోపలికి వెళ్ళే ఆహారం ఇంతకన్నా మంచిది దొరకడం కష్టం. కీళ్ళవాతంతో యూరిక్ ఆమ్లం ఎక్కువున్నవాళ్ళు, రక్తపోటుకు ఉప్పు తగ్గించమని వైద్యులు చెప్పినవాళ్ళు మాత్రం కొద్దిగా తీసుకోవాలి.

మిగిలిన పాయాను చల్లారాక, రెండు గంటలు దాటనివ్వకుండా ఫ్రిజ్‌లో పెడితే పొద్దుటికి పైన తెల్లటి కొవ్వు పొర గడుతుంది. చారు పలచగా, తేలిగ్గా కావాలంటే ఆ పొరను చెంచాతో ఎత్తెయ్యవచ్చు, నహారీ చేసేటట్టయితే దాన్నే ఉల్లిపాయలు వేయించడానికి వాడుకోవచ్చు. కింద గడ్డకట్టిన చారును తెర్లేదాకా కాచి తాగాలి. మరగ్‌ను అలా తెర్లనివ్వకూడదు. కొంచెం పాలు కలిపి సన్న సెగ మీద తిప్పుతూ, ఆవిర్లు వచ్చేదాకా వేడి చేసుకోవాలి. పాలూ జీడిపప్పూ ఉన్న చారు కాబట్టి దాన్ని మర్నాటికల్లా ముగించాలి.