వాడని పువ్వుకీ ఒక ఋతువుండాలి

నూజివీడు చుట్టుపక్కల ఏ దారిన పోయినా మామిడితోటలే. చినరసాలు, పెదరసాలు, బంగినపల్లి, కలెక్టరు కాయ, ఏది కావాలన్నా ఉంది. మామిడాకుకి కరువొచ్చే చోటు కాదది. అటువంటి చోట కూడా గుమ్మానికి ప్లాస్టిక్ మామిడాకుల తోరణం వేలాడుతూ ఉంటే నవ్వాలనిపిస్తుంది. నవ్వడం తేలికే. కాని ఆ తోరణం కట్టిన ఇల్లాలి వైపు నుంచి కూడా కాస్త చూడాలి కదా!

పండగనాడు తెల్లారకుండా లేచి, పిల్లలకి తలంట్లు పోసి, పిండివంటలు చేసి, ఆపైన ఉద్యోగం ఉన్నామెకి ఆఫీసు పనులు కూడా చూసుకుంటూ, ఆకులు కోయించి దారానికి గుచ్చడమంటే మాటలా? ఎండిన ఆకులు తీసి పారెయ్యడమూ ఆమె పనే. పూలూ అంతే. తేవడం, మాల కట్టడం, నీళ్లు మార్చడం, వాడినవి ఏరెయ్యడం, అన్నీ ఆడవాళ్ల చేతి చాకిరీయే. అందుచేత ప్లాస్టిక్ పువ్వు మన ఇంట్లోకి మోసగత్తెలా రాలేదు, పనిసాయానికి వచ్చింది. దాన్ని తిట్టేవాళ్లు ముందు ఆ దారం, ఆ ఆకులు తాము అందుకుంటే బాగుంటుంది.

అయితే లోపం లేదా? ఉంది. కాని అది అబద్ధమాడుతుందన్నది కాదు, ఇంట్లోంచి కదలదన్నదే అసలు లోపం. పచ్చి మామిడాకు నాలుగు రోజులకి వడిలి, ముడుచుకుని, "పండగ అయిపోయిందమ్మా" అని చెబుతుంది. ప్లాస్టిక్ ఆకుకి ఆ సంగతి తెలీదు. ఉగాదికి కట్టింది దసరాకీ ఉంటుంది, సంక్రాంతికీ ఉంటుంది, మధ్యలో సాలెగూళ్లు కూడా కట్టించుకుంటుంది. రోజూ ఉండేది కంటికి ఆనదు. పండగ వచ్చినా గుమ్మం మారకపోతే ఇక పండగ వచ్చినట్టు ఇంటికెలా తెలుస్తుంది?

పువ్వు కృత్రిమమైనంత మాత్రాన తప్పులేదు. మన పెళ్లిళ్లలో వధూవరుల నుదుట కట్టే బాసికాన్ని జీలుగుబెండుతో చెయ్యడం పాత అలవాటే. నీటి పట్టున పెరిగే ఆ మొక్క బెండుని పల్చటి పొరలుగా కోసి పూలూ బొమ్మలూ చేస్తారు. బెంగాలీ పెళ్లికొడుకు నెత్తిన పెట్టుకునే టోపోరూ బెండుదే. దాన్ని చూసి నిజం పువ్వనుకుని వాసన చూసేవాళ్లెవరూ లేరు. అది మల్లెపువ్వుతో పోటీకి దిగదు. తెల్లగా, తేలిగ్గా, చేసిన చేతి నేర్పుని చూపిస్తుంది. పెళ్లి కాగానే దాని పనీ అయిపోతుంది. అందుకే అది అందంగా ఉంటుంది.

ప్లాస్టిక్ పువ్వు వెనకా చేతులున్నాయి, కాని మనకి కనిపించవు. 1950లు, 60లలో ప్రపంచానికి ప్లాస్టిక్ పూలు పంపిన ఊరు హాంకాంగు. తరవాత మహా కోటీశ్వరుడైన లీ కా-షింగ్ మొదట సంపాదించింది ఈ పూల మీదే. ఫ్యాక్టరీ నుంచి రేకులు, కాడలు ఇంటికి తెచ్చుకుని, ఆడవాళ్లూ పిల్లలూ పొద్దుపోయేదాకా గుచ్చి ఇచ్చేవాళ్లు. 1967లో ఆ నగరాన్ని కుదిపేసిన అల్లర్లు మొదలైంది కూడా ఒక ప్లాస్టిక్ పూల ఫ్యాక్టరీ కార్మికుల తగాదాతోనే. మన చాకిరీ తగ్గించిన పువ్వు ఇంకో ఇల్లాలి చాకిరీతో తయారైందన్నమాట! అలాంటి దాన్ని బల్ల మీద దుమ్ముకి వదిలెయ్యడం మర్యాద కాదు.

ఇంతకీ మన ముందుగదుల్లో కూజా ఎలా ఉంటుంది? ఎర్రగులాబీలు డజను, పక్కన నీలం తామర, మధ్యలో వెండి రంగు ఆకులు. అన్నీ ఒకే ఎత్తు, అన్నీ గ్రూపు ఫోటోకి నిలబడ్డట్టు మనకేసే చూస్తూ ఉంటాయి. తోటలో ఏ పూలైనా అలా నిలబడతాయా? జపానులో సోఫు తెషిగహారా 1927లో స్థాపించిన సోగెత్సు సంప్రదాయంలో ఓ చక్కటి కొలత ఉంది. కూజా ఎత్తూ వెడల్పూ కలిపితే పదంగుళాలనుకోండి. పెద్దకొమ్మ దానికి ఒకటిన్నర రెట్లు, అంటే పదిహేనంగుళాలు. రెండోది అందులో ముప్పాతిక, మూడోది రెండోదానిలో ముప్పాతిక. మూడూ మూడు వైపులకి వాలాలి. మధ్యన ఖాళీ ఉండాలి. ఖాళీ కూడా అలంకారమే.

ప్లాస్టిక్ కాడలో తీగ ఉంటుంది కనక వంచడం సులువు. ఒకటి మొగ్గ, ఒకటి సగం విచ్చింది, ఒకటి పూర్తిగా విచ్చింది పెడితే చాలు, డజను అక్కర్లేదు. కాపు అయ్యాక తోటలో కత్తిరించిన ఎండు మామిడిరెమ్మ ఒకటి పక్కన గుచ్చండి, పది రూపాయల పువ్వుకీ ప్రాణం వచ్చినట్టుంటుంది. కూజా అడుగున ఇసకో గులకరాళ్లో పోస్తే ఒరిగిపోదు. మెరిసే ప్లాస్టిక్కు కంటే గుడ్డపువ్వు కంటికి చల్లన. ఒక్కటి మాత్రం మరవకండి: దీపం దగ్గర, అగరొత్తుల దగ్గర వీటిని పెట్టకూడదు, ఇట్టే అంటుకుంటాయి.

అన్నిటికంటే ముఖ్యం, వాటిని తీసి దాచెయ్యడం. మామిడిచెట్టుకి పూత ఏడాది పొడుగునా ఉండదు. చలికాలంలో గుత్తికి వందలూ వేలూ పూస్తుంది, మంచుకి కొంత, పురుగుకి కొంత, గాలికి కొంత పోగా ఏ ఒకటో రెండో కాయలు నిలుస్తాయి. ఆ కొద్దిరోజుల పూత కోసం రైతు ఏడాదంతా కళ్లలో వత్తులేసుకుని చూస్తాడు. మన గుడ్డపూలకి ఆ రాలడం తెలీదు, ఆ పని మనమే చెయ్యాలి. నెలరోజులుంచి, సబ్బునీళ్లలో కడిగి, నీడన ఆరబెట్టి, పెట్టెలో పెట్టెయ్యండి. ఆ బల్ల నాలుగు వారాలు ఖాళీగా ఉండనివ్వండి. మళ్లీ తీసి పెట్టిననాడు ఇంటిల్లిపాదీ "అరె, పూలు!" అంటారు. ఆ ఒక్కమాటా దక్కితే ఆ పువ్వు కాగితందా, గుడ్డదా, ప్లాస్టిక్కుదా అని ఎవరూ అడగరు.