తెలియనివాని భాగ్యము

మధిర సుబ్బన్న దీక్షితులుగారు పన్నెండు భాగములుగా వెలయించిన కాశీమజిలీ కథలను బాల్యమున చదివినవారికి అందలి గోపకుమారుడు జ్ఞప్తికి రాకపోడు. మణిసిద్ధుడను యతీశ్వరుడు కాశికి పోవుచు తోడుగా వెంటబెట్టుకొన్న ఆ పశువుల కాపరి, మజిలీ చేరినదే తడవుగా ఊరిమీద పడి, ఎక్కడనో యొక వింతను జూచి వచ్చి, దాని కథ చెప్పినగాని అడుగు ముందునకు వేయనని పట్టుబట్టును. యతి తన మణిని జూచి ఆ వింతకు మూలమైన వృత్తాంతమును విప్పి చెప్పును. సర్వమును తెలిసిన సిద్ధుడే ఆ గ్రంథమునకు నాయకుడని పెక్కుమంది తలంతురు. నాకు మాత్రము అంతటి కథాసముద్రమును కదలించినవాడు ఏమియు తెలియని ఆ కాపరియే యని తోచును. వానికి సందేహము కలుగకపోయినచో సిద్ధుని మణి గాజుపెంకుతో సమానమే గదా!

ఈ విషయము నాకు స్ఫురించినది గ్రంథాలయమున గాదు. మా మేనల్లుడు విదేశమునుండి తెచ్చి, నర్సీపట్నమున మా ఇంటి టీవీకి తగిలించిన నింటెండో స్విచ్ ముందర. అందులో నేను ఆడుచున్న 'ది లెజెండ్ ఆఫ్ జెల్డా: బ్రెత్ ఆఫ్ ది వైల్డ్' అను గేమ్ 2017 మార్చిలో వెలువడినది. దానిని నిర్మించిన సంస్థ 1889లో క్యోటో నగరమున పూలబొమ్మల పేకముక్కలు తయారుచేయుచు పుట్టినదట. పేకాటను సప్తవ్యసనములలో జమకట్టిన మా పెద్దలు ఈ మాట వినియుండినచో ఏమనియుందురో! కథ సూక్ష్మమైనది. లింక్ అను వీరుడు నూరేండ్ల నిద్రనుండి ఒక గుహలో మేల్కొనునప్పటికి వాని పూర్వస్మృతి యంతయు నశించియుండును. తాను కత్తిపట్టి కాపాడిన హైరూల్ రాజ్యమే వానికి పరదేశమగును. మన జానపద చిత్రములలో మాంత్రికులు రాకుమారులకు కలిగించి కలిగించి అరగదీసిన మతిమరపే యిది. అయినను ఇచ్చట దానికొక ప్రయోజనము కలదు. అన్నియు తెలిసినవానికి వెదకవలసిన దేమియు నుండదు గనుక, ఆడువానిని అన్వేషకుని జేయుటకై ముందుగా వీరుని అజ్ఞానిని జేసిరి.

గుహ వెలుపల కొండకొమ్మున నిలిచినవానికి ఆ దేశమంతయు ఒక్కమారుగా కనబడును. దూరమున నిప్పులు గ్రక్కు పర్వతమును, శిథిలమైన కోటయు, వానికి ఈవల అడవులును నదులును. కనబడుచున్న ఏ కొండకైనను నడచి పోవచ్చును. ఇంతగా చూపినవారు దాచినదెక్కడ యని నాకు మొదట అర్థము కాలేదు. తరువాత తెలిసినది: ఆ నేలనంతటిని త్రికోణములుగా మలచితిమని నిర్మాతలే జపానులో తమ తోటి నిపుణుల సభయందు వెల్లడించిరట. పెద్ద త్రికోణము దూరమునుండి రమ్మని పిలుచును; నడిమిది తన వెనుకనున్న దానిని కప్పిపుచ్చును; చిన్నది నడకకు ఒడుదుడుకులు కల్పించును. మిట్టను ఎక్కవలెనో, చుట్టి పోవలెనో తేల్చుకొనులోపల దాని అంచున మరియొక శిఖరము తలచూపగా, బయలుదేరిన పని మరచి కాలు అటు లాగును. లంబసింగి మీదుగా చింతపల్లికి పోవు మా ఘాట్ రోడ్డుపై మలుపు తిరుగువరకు లోయ యున్నదన్న జాడయే యుండదు, లోయ కనబడినప్పుడు మంచు అడ్డుపడును. ఆ మంచు విడువక పోవుట చేతనే గాబోలు ప్రతిసంవత్సరము పోయినవారే మరల పోవుచున్నారు.

చలి ప్రసక్తి వచ్చినది గనుక చెప్పుచున్నాను. ఆటలో మొదటి పీఠభూమిపైననే మంచుకొండ యొకటి కలదు. తగిన యుపాయము లేక ఎక్కబోయిన లింక్ వణకి వణకి ప్రాణము విడుచును. మిరపకాయలు వేసి వండినది తిన్నచో చలి అంతగా తాకదు. వెలిగించిన కాగడా చేతబట్టినను కొంత మేలు. ఒక ముసలివాని గుడిసెలోని పుస్తకమున అట్టి వంటకము ప్రస్తావింపబడియుండును గాని, అందులో పడవలసినవన్నియు ఆ ముసలివానికే జ్ఞప్తిలో నుండవు. శీతకాలపు తెల్లవారుజామున నెగడు చుట్టు మూగి మిరపకాయ బజ్జీలు తినువారికి ఈ చిక్కు చిక్కుగా తోచకపోవచ్చును. తోచకపోవుటయే దాని గొప్పతనము. పొడుపుకథకు అడిగినవాని మనసులోనిదే జవాబు. ఇచ్చట నిప్పు వేడి, కారము వేడి యన్న లోకానుభవమే జవాబు.

రాజ్యమంతట 120 మందిరములు చెదరియున్నవి. లోపల పెక్కింటియందు చిక్కుముడులే. విద్యుత్తును పారింపవలసిన చోట లోహపు పెట్టె అందనిచో చేతిలోని ఇనుప కత్తిని నేలబెట్టినను తలుపు తెరచుకొనును. హటేనో గ్రామమందలి మందిరమున నేను చాలసేపు నిలిచిపోయితిని. అచ్చట గోడలతో చిక్కుదారులు కట్టిన పలక యొకటి గాలిలో వ్రేలాడుచుండును. మన చేతిలోని కంట్రోలర్ ఎటు వంగిన పలకయు అటు వంగును. దానిపై బడిన గోళమును ఆ దారులవెంట నడిపించి, చివర ఒక్క యెత్తున ఎగురవేసి ఆవలి గట్టున బడవేయవలెను. నా గోళము మూల మూలకును పోయి తగులుకొనుచుండెను.

“ఏటి మావయ్యా, ఇంకా ఆ గుండుతోనే ఉన్నావా?” యని మావాడు కంట్రోలర్ అందుకొని అమాంతముగా బోర్లించెను. పలకయు బోర్లపడినది. దాని వెనుకతట్టు నున్నగా, ఒక్క గోడయైనను లేక, పీటవలె నున్నది. మరల పడిన గోళమును దానిపై దొర్లించి క్షణములో గట్టు చేర్చినాడు. నిర్మాతలు ఆ వీపును మూయకుండ విడిచినందులకు వారియందు నాకు గౌరవము హెచ్చినది. పలక యన్నప్పుడు దానికి రెండు తట్టులుండుట సహజము, సహజమైన దానిని వారు నిషేధింపలేదు.

“నీకెట్లు తోచినదిరా?” యంటిని.

“నాకేటి తోస్తాది? యూట్యూబ్‌లో చూశాను.”

అదియే నేటి మణి. సిద్ధుని మణితో నాకు తగవు లేదు; గోపకుడు తన కన్నులతో వింతను జూచి, దానికై కొంత తపించి, పిమ్మట అడిగెను. మనము ఊరు చొరకమునుపే మణిలోనికి తొంగిచూచుచున్నాము. ఈ ఆటలో కోరోక్‌లను వనదేవతలు 900 విత్తనములను దాచిపెట్టినారు. కొండ కొనపై ఒంటరిగా నున్న రాయి నెత్తినచో ఒకటి, వలయముగా పేర్చిన రాళ్లలో తక్కువైన దానిని తెచ్చి అమర్చినచో ఒకటి లభించును. అన్నియు కూడబెట్టినవానికి దక్కు బహుమానము బంగారువన్నెతో మెరయు నొక మలాకృతి! జాబితా చూచి లెక్క పూర్తిచేసినవారికి ఇంతకంటె తగిన సత్కారమును నేనెరుగను.

అయినను మా మన్యమున అన్వేషణ యను మాటను వాడునప్పుడు కొంత జంకవలెను. 1922 ఆగస్టు 22 మొదలు మూడు దినములు వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలు అల్లూరి సీతారామరాజునకు, గాం సోదరులకు లొంగిపోయినవి. ఆ సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటులో స్కాట్ కవర్డ్, హైటర్ అను దొరలు నేలకూలిరి. తుపాకులు, బలగములు ఉండియు ఆ అధికారులకు ఈ కొండలు చిక్కుదారులైనవి. గంటందొర, మల్లుదొరల వంటివారికి అవి పెరడే. పెరటిలో అన్వేషణ యేమి? అన్వేషణానందము పరాయివాని సొత్తు, అందును ప్రాణభయము లేని పరాయివాని సొత్తు. లింక్ మంచులో మరణించి మరుక్షణమున మరల లేచును గనుకనే నేను మెత్తపై కూర్చుండి వానిని కొండలెక్కించుచున్నాను.

కాని ఆడగా ఆడగా హైరూల్ సైతము పెరడే యగును. ఏ గట్టు వెనుక ఏ నది యున్నదో చేతివ్రేళ్లకే తెలిసిపోవును. నిర్మాతలు ఆ సంగతి నెరిగినట్లున్నారు: 2023లో వెలువరించిన తరువాతి గేమ్‌లో ఆ దేశమునే ఉంచి, పైన ఆకాశమున దీవులను, క్రింద చీకటి పాతాళమును చేర్చిరట. ఆ పాతాళములో ఏమున్నదో మావాడు రెండు పర్యాయములు చెప్పబోయినాడు. రెండుమార్లును నోరు మూయించితిని.