నిగమశర్మోపాఖ్యానం: హితబోధ తరువాత

తెనాలి రామకృష్ణకవి 'పాండురంగ మాహాత్మ్యము'లోని నిగమశర్మోపాఖ్యానం విషయంలో విమర్శకుల దృష్టి ప్రధానంగా అక్క హితబోధపై నిలిచింది. కావ్యంలో పేరైనా లేని ఆ పాత్రపై రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ ప్రత్యేకంగా వ్యాసమే రచించారు. అయితే వ్యసనపరుని కుటుంబకథగా పరిశీలిస్తే ఇందులో కీలకఘట్టం బోధ కాదు, ఆ తరువాతి కొద్దిరోజులు. నిగమశర్మ ఇంటిపట్టున ఉంటాడు. మారాడని ఇంటివారు నమ్ముతారు. ఒకనాటి రాత్రి ఇంటిలోని సొమ్ములన్నీ మూటగట్టుకొని పోతాడు.

వృద్ధులైన తల్లిదండ్రులు చెప్పవలసిన మాటలను కవి అక్క నోట పలికించడం గమనార్హం. చెప్పి చెప్పి అలసిన వారి మాటకు బలం ఉడిగిందని, కొత్త గొంతు అవసరమైందని ఈ కల్పన సూచిస్తుందనవచ్చు. ఆ గొంతూ ఓడింది. లోపం బోధలో లేదు. తెల్లవారిన తరువాత అక్క తన ముక్కర కోసం విలపించడాన్ని కేవలం హాస్యంగా గ్రహిస్తే చాలదు. పోయిన మనిషిని లెక్కకట్టలేని ఇల్లు పోయిన సొమ్మును లెక్కపెట్టుకొంటుంది.

చివరకు క్షేత్రమహిమ నిగమశర్మను తరింపజేస్తుంది గాని, ఇంటికి చేర్చదు. కుమారునికి దక్కిన ఫలశ్రుతి తల్లిదండ్రులకు దక్కలేదు. ఈ ఉపాఖ్యానంలోని విషాదం అక్కడే ఉంది.