హరణం నుంచి అంగీకారానికి: ప్రేమలేఖగా పోతన రుక్మిణీ సందేశం

వ్యాససంగ్రహం:
పోతన భాగవతం దశమస్కంధంలోని రుక్మిణీ సందేశాన్ని భక్తిపరమైన ఆత్మనివేదనగా వ్యాఖ్యానించడం పరిపాటి. అదే సందేశాన్ని ప్రేమలేఖగా చదివితే ప్రేమలేఖ విలువ భావప్రకటనకే పరిమితం కాదనీ, రాసినవారి సమ్మతికి అది సాక్ష్యమనీ తెలుస్తుంది. ఈ అంశాన్ని నిరూపించడమే ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: పోతన, రుక్మిణీ కల్యాణం, ప్రేమలేఖ, రాక్షస వివాహం, సమ్మతి.

1. ప్రవేశిక

ప్రేమలేఖ అనగానే ఆధునిక పాఠకునికి చలం 'ప్రేమలేఖలు' స్ఫురించడం సహజం. అంతకు కొన్ని శతాబ్దాల ముందే పోతన తెలుగులో ఒక కన్య చేత ప్రియునికి సందేశం పంపించాడు. విదర్భ రాజు భీష్మకుని కుమార్తె రుక్మిణి కృష్ణుని వరించింది. అన్న రుక్మి ఆమెను శిశుపాలునికి ఇవ్వ నిశ్చయించాడు. అప్పుడామె అగ్నిద్యోతనుడనే బ్రాహ్మణుని ద్వారకకు పంపింది. ఈ సందేశం వాచికమే కావచ్చు. అయినా ఎదుట లేని వ్యక్తిని సంబోధించడం, తన మాటల్లోనే మనసు విప్పడం, బదులు కోసం ఎదురుచూడడం అనే మూడు లేఖాలక్షణాలూ ఇందులో ఉన్నాయి.

2. నివేదన

సందేశంలో ఎక్కువ ప్రసిద్ధి పొందినది ఇంద్రియాల సార్థకతను గూర్చిన సీస పద్యం. కృష్ణుని మాట వినలేని చెవులు, అతణ్ణి చూడలేని కన్నులు, అతని వనమాల పరిమళం సోకని నాసిక ఎందుకని రుక్మిణి ప్రశ్నిస్తుంది. సంస్కృత మూలంలోని ఏడు శ్లోకాల సందేశంలో ఈ భావం ఈ రూపంలో లేదు. ఇది పోతన చేర్పు. పద్యం చివర దాస్యం ప్రస్తావన ఉంది. దీన్ని ఆధారం చేసుకొని ఈ సందేశం స్త్రీ అధీనతను కీర్తిస్తున్నదని ఆక్షేపించవచ్చు. భక్తి సంప్రదాయంలో దాస్యం స్త్రీలకే పరిమితమైనది కాదన్నది ఒక సమాధానం. అంతకన్నా బలమైన సమాధానం సందేశంలోనే ఉంది.

3. నిర్ణయం

తనను రాక్షస వివాహ పద్ధతిలో చేపట్టుమని రుక్మిణి కోరుతుంది. మనుస్మృతి నిర్వచనం ప్రకారం ఈ వివాహంలో బంధువులను చంపి, ఇల్లు ఛేదించి, ఏడుస్తున్న కన్యను బలాత్కారంగా ఇంటి నుంచి ఎత్తుకుపోతారు. రుక్మిణి ఆ పేరును మాత్రమే ఉంచి, లక్షణాలను ఒక్కొక్కటిగా తొలగిస్తుంది. అంతఃపురంలో ఉన్న నిన్ను బంధువులను చంపకుండా ఎలా తేగలనని కృష్ణుడు సందేహిస్తాడేమోనని ఆమే ముందుగా ఊహించి, ఉపాయం చెబుతుంది. పెండ్లికి ముందు పెండ్లికూతురు నగరం వెలుపల గౌరీపూజకు వెళ్ళే ఆచారం ఉంది. అక్కడికి వస్తే ఇంటిని ఛేదించే పని లేదు, అంతఃపురంలో రక్తపాతం లేదు. ఏడుస్తూ ఎత్తుకుపోబడే కన్య స్థానంలో తానే వస్తానని చెప్పే కన్య నిలిచింది. కృష్ణుని శౌర్యాన్నే ఉంకువగా, అంటే కన్యాశుల్కంగా, నిర్ణయించినదీ ఆమే.

సందేశం లేకపోతే కృష్ణుడు చేసినది లోకం దృష్టిలో అపహరణమే. రుక్మిణి మాటే ఆ చర్యను సమ్మతితో కూడిన వివాహంగా మార్చింది. ఈ కారణంగా కథాగమనంలో దీనికి అలంకారప్రాయమైన స్థానం కాక నిర్ణాయకమైన స్థానం ఉంది. తరువాత యుద్ధం తప్పలేదు. ఓడిన రుక్మిని కృష్ణుడు చంపబోగా, రుక్మిణి అన్న ప్రాణం కోసం వేడుకొంది. బంధువధ వద్దన్న సందేశంలోని సంకల్పానికి ఆమె చివరిదాకా కట్టుబడిందని దీనివల్ల తెలుస్తుంది.

4. నిరీక్షణ

సందేశం పంపిన తరువాత రుక్మిణి పడిన ఆందోళనను పోతన ప్రత్యేకంగా చిత్రించాడు. బ్రాహ్మణుడు చేరాడో లేదో, దారిలో అలసి ఆగిపోయాడో, విన్న కృష్ణుడు తప్పుగా భావించాడో అని ఆమె తలపోస్తుంది. ఈ మూడో సందేహం గమనార్హం. మనసు ముందుగా విప్పిన కన్యను లోకం ఎలా చూస్తుందో ఆమెకు తెలుసు. తిరస్కారానికి అవకాశం ఇచ్చి మరీ మాట పంపడంలోనే ప్రేమలేఖ నైతిక బలం ఉంది. బలవంతానికి ఎదుటివారి బదులుతో పని లేదు. లేఖకు మాత్రం బదులు కావాలి. తానూ రాత్రులు నిద్ర లేక గడుపుతున్నానని కృష్ణుడు చెప్పడంతో సమ్మతి ఉభయపక్షాలదీ అయింది.

5. ముగింపు

రుక్మిణీ కల్యాణం పారాయణ చేస్తే పెండ్లి అవుతుందనే నమ్మకం తెలుగు ఇళ్ళలో ఉంది. ఫలశ్రుతి కోసం చదివిన కన్యలు, తమకు ఇష్టం లేని పెండ్లిని కాదన్న ఒక స్త్రీ మాటలను తెలిసో తెలియకో ఉత్తమపురుషలో ఉచ్చరించారు. పాఠ్యాంశంగా బోధించేటప్పుడు ఇంద్రియాల పద్యంతో పాటు ఉపాయం చెప్పే పద్యాన్నీ చేర్చి చదివించవలసిన అవసరం ఉంది. మొదటిది ఆమె ఎంతగా ప్రేమించిందో చెబుతుంది. రెండవది ఆ ప్రేమను గూర్చిన నిర్ణయం ఎవరిదో చెబుతుంది. ఈ రెండూ కలిసినప్పుడే ప్రేమలేఖ విలువ సంపూర్ణమవుతుంది.