తలుపు దగ్గర తల్లి: ‘నిర్లక్ష్యం’ అనే మాట ఎవరిది?

అమెరికాలో పిల్లల రక్షణ శాఖ మనిషి తలుపు తడితే తల్లిదండ్రులేం చెయ్యాలి? అక్కడి లాయర్ల సలహా దాదాపు ఒకటే. కోపం తెచ్చుకోవద్దు, అబద్ధం ఆడొద్దు. ఆరోపణేమిటో అడగండి. ఫెడరల్ నిధులు తీసుకునే రాష్ట్రాలు దాన్ని మొదటిసారి కలిసినప్పుడే చెప్పాలని 2003 నాటి సవరణ షరతు పెట్టింది. కోర్టు ఉత్తర్వో, బిడ్డకు తక్షణ ప్రమాదమో లేనప్పుడు లోపలికి రానివ్వడం సాధారణంగా మీ ఇష్టం. చదవకుండా సంతకం పెట్టొద్దు. లాయర్ని పిలవండి.

మంచి సలహానే. కానీ ‘లోపలికి రావద్దు’ అని నిలబడగలిగేదెవరు?

డొరొతీ రాబర్ట్స్ 2022లో తెచ్చిన ‘టోర్న్ అపార్ట్’ని ఈ ప్రశ్నతోనే చదవాలి. దీన్ని సంక్షేమం అనడానికి ఆమె ఒప్పుకోరు, కుటుంబాల మీద పోలీసింగ్ అంటారు. 2017 నాటి ఒక అధ్యయనం అంచనా ప్రకారం 18 ఏళ్లు నిండేలోగా అమెరికా పిల్లల్లో 37 శాతం, నల్లజాతి పిల్లల్లో 53 శాతం ఇలాంటి విచారణ చూస్తారు. నిర్ధారణైన కేసుల్లో ఎక్కువ భాగం కొట్టినవి కావు, ‘నిర్లక్ష్యం’ కింద రాసినవి. ఖాళీ ఫ్రిజ్, ఇరుకు గది, రాత్రి డ్యూటీకి పోయిన తల్లి, అన్నీ ఆ ఒక్క మాటలో ఇమిడిపోగలవు.

తల్లి హక్కుల్ని శాశ్వతంగా తెంచే కేసులో కూడా పేద తల్లికి ప్రతిసారీ లాయర్నివ్వనక్కర్లేదని 1981లో లాసిటర్ కేసులో సుప్రీంకోర్టు 5-4తో తేల్చింది. చాలా రాష్ట్రాలు సొంత చట్టాలతో ఇస్తున్నాయి గానీ, అది మామూలుగా కేసు కోర్టుకెక్కాకే. తలుపు దగ్గర ఆమె ఒంటరిదే. బిడ్డ 22 నెలల్లో 15 నెలలు ఫాస్టర్ సంరక్షణలో ఉంటే, కొన్ని మినహాయింపులు పోను, హక్కుల రద్దుకు రాష్ట్రం పిటిషన్ వెయ్యాలంటుంది 1997 చట్టం. అద్దెకు ఇల్లు దొరకని తల్లికి 15 నెలలు ఏపాటి?

మనకిది పరాయి సంగతేం కాదు. మన 2015 జువెనైల్ జస్టిస్ చట్టం కూడా ఇల్లూ బతుకుతెరువూ కనిపించని బిడ్డని రక్షణ అవసరమైనవాళ్లలో చేర్చింది. సంస్థలో పెట్టడం చివరి మార్గమేనని కూడా అదే చట్టం చెప్పింది. వెలివాడ గుడిసె ముందు నిలబడ్డ అధికారికి ఈ రెండిట్లో ఏది ముందు గుర్తొస్తుంది?

రాబర్ట్స్‌తో నాకొక పేచీ ఉంది. వ్యవస్థని రద్దుచేసి వనరులు కుటుంబాలకిమ్మంటారు. సరే, ఈ రాత్రి నిజంగా దెబ్బలు తింటున్న బిడ్డ మాటేమిటి? తాగొచ్చి కొట్టే తండ్రులు మన వాడల్లోనూ ఉన్నారు, దాచి లాభం లేదు. ఆ బిడ్డ కోసం ఎవరో ఒకరు తలుపు తట్టాల్సిందే. ఆకలినీ హింసనీ ఒకే గడిలో రాసే చూపుతోనే మన తగాదా.

అందుకే లాయర్ల సలహా సగమే. మిగతా సగం తలుపు అవతలి మనిషికి చెప్పాలి: ఇంట్లో బియ్యం లేకపోతే బియ్యం తీసుకురా, బిడ్డని తీసుకుపోకు.