కూర్చోబెట్టి చూపే చరిత్ర

రాకెట్ ప్రయోగం చూసేవాళ్ల కోసం 2019లో శ్రీహరికోటలో ఐదువేల మంది పట్టే గ్యాలరీ తెరిచారు. పక్కన మ్యూజియం, రాకెట్ గార్డెన్ ఉన్నా జనం ఎగబడేది ఆ మెట్ల మీద చోటు కోసమే. ప్రదర్శన కట్టేవాళ్లకు అక్కడ ఒక సౌకర్యం ఉంది: అసలు సంగతే కళ్లెదుట నింగికి లేస్తుంది. మరి పదిహేడు వందల ఏళ్ల కిందట ముగిసిపోయిన బతుకును చూపించాలంటే మనిషిని ఎక్కడ కూర్చోబెట్టాలి?

పల్నాడులోని అనుపుకు వెళ్తే జవాబు దొరుకుతుంది.

నాగార్జునసాగర్ డ్యామ్‌కు 1955 డిసెంబరులో నెహ్రూ పునాదిరాయి వేశారు. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి నీళ్లపాలు కాబోతోంది కనుక అంతకు ఏడాది ముందే పురావస్తు శాఖ రంగంలోకి దిగింది. ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో 1960 దాకా లోయంతా తవ్వారు. తొమ్మిది కట్టడాలను ఊడదీసి నాగార్జునకొండ మీద తిరిగి కట్టారు. నీళ్లు నిండాక ఆ కొండే దీవి అయింది. మరికొన్నిటిని అనుపు గట్టుకు చేర్చారు. ఆ తర్వాత ఈజిప్టులో అబూ సింబెల్‌ను పెద్ద పెద్ద దిమ్మెలుగా కోసి పైకి తరలించారు, లోకమంతా చప్పట్లు కొట్టింది. ఇక్కడిది చాలావరకు ఇటుక పని. దిమ్మెలుగా కోయడానికి వీల్లేదు, కొలతలు దగ్గర పెట్టుకుని వరసలు వరసలుగా పేర్చుకు రావాల్సిందే. ఆ ఓపికకు రావాల్సినంత పేరు రాలేదు.

అనుపులోని రంగస్థలం చూడండి. నడుమ దీర్ఘచతురస్రపు బయలు, సుమారు పదహారున్నర మీటర్ల పొడవు, పద్నాలుగు మీటర్లకు కాస్త తక్కువ వెడల్పు. నాలుగు వైపులా మెట్లు. లోపల ఇటుక, పైన పల్నాటి సున్నపురాతి పలకలు. మెట్టు వెడల్పు రెండడుగులు. మనం కూర్చున్నా వెనక మెట్టు వాడి కాళ్లకు చోటు మిగులుతుంది. ఆనాటి కొలత అద్దాల పెట్టెలోంచి కాక ఒంటికే తెలుస్తుంది. తిరిగి కట్టినవాళ్లు పలకలను నున్నగా చెక్కి కొత్తవాటిలా మెరిపించకపోవడం నాకు నచ్చిన సంగతి.

అదే నిగ్రహం కొండమీది మహాచైత్యంలోనూ ఉంది. ఇక్ష్వాకు రాజు చాంతమూలుని సోదరి చాంతిసిరి కట్టించిన స్తూపం అది. పైన అండం, అంటే గుమ్మటం, ఎలా ఉండేదో ఊహించి కట్టేయడం తేలికే. వాళ్లు ఆ జోలికి పోలేదు, దొరికిన మేరకే ఆపారు. అందువల్లే లోపలి పనితనం బయటపడింది: బండిచక్రపు ఆకుల్లా నడిమి నుంచి అంచుకు సాగిన ఇటుక గోడలు. ఆ గోడల మధ్య మట్టి నింపితే అంత పెద్ద గుట్టకూ సరిపడా బలం వచ్చేది, ఇటుక మాత్రం ఎంతో మిగిలేది. గుమ్మటం కప్పేసి ఉంటే ఈ కిటుకు ఎవరి కంటా పడేది కాదు.

అసలు కట్టడాలకు తోడు చేసిన పద్నాలుగు నకళ్లు మాత్రం నన్ను అంతగా కదిలించవు. కొలత తగ్గిన చోట కట్టడం బొమ్మ అయిపోయింది. పైగా లోయలో దూరదూరంగా ఉన్నవన్నీ కొండమీద ఇరుగుపొరుగు అయ్యాయి, చూసేవాళ్లకు అసలు ఊరి రూపం చిక్కదు. ఆ లోటు తీర్చేది కొండమీది మ్యూజియంలోని లోయ నమూనా. మునిగిన ప్రతి కట్టడం ఏ వాగు పక్కన, ఏ గట్టు కింద ఉండేదో దాని మీద తెలుస్తుంది. లాంచీ దిగినవాళ్లు శిథిలాల వైపు తిరిగే ముందే దాన్ని చూసుకుంటే మేలు.