సింహాసనం మీద నుంచి చూచిన చరిత్ర

చరిత్రను నడిపించింది రాజులా, ప్రజలా? చారిత్రక నవలలను, నాటకాలను మన విమర్శకులు ఈ గీటురాయి మీద గీసి చూస్తూ వచ్చారు. నేటి విద్యార్థికి గతకాలం కంప్యూటరు ఆటల ద్వారా కూడా పరిచయమవుతున్నది. కనుక ఆ ఆటలకూ ఈ పరీక్ష తప్పదు.

స్వీడన్‌లోని పారడాక్స్ సంస్థ 2013లో విడుదల చేసిన 'యూరోపా యూనివర్సాలిస్ 4' అటువంటిది. 1444 నవంబరు 11న మొదలై 1821 ఆరంభంలో ముగిసే కాలాన, ఆటగాడు తనకు నచ్చిన రాజ్యాన్ని ఏలుతాడు. మనం పోర్చుగల్‌ను తీసుకొందాం.

దీనిని వట్టి కాలక్షేపమని తోసివేయడం తగదు. యుద్ధమంటే పరాక్రమం కాదనీ, జీతాలూ, అప్పులూ, వడ్డీలూ అనీ ఈ ఆట నేర్పుతుంది. ఖజానా వట్టిపోయిన రాజు సంధికి రాక తప్పదు. వీరగాథల కంటె ఈ విషయంలో యిది వాస్తవానికి దగ్గర.

కాని ప్రజలెక్కడ? రైతు పన్నుగా, సైన్యానికి దొరికే తలగా, 'అశాంతి' అనే అంకెగా మాత్రమే వుంటాడు. ఆ అంకెను అణచడానికి ఒక మీట వున్నది. సముద్రం దాటితే, ఆదివాసులు నివసించే నేల ఎవరికీ చెందని నేలగా కనిపిస్తుంది. వారి సంఖ్య, వారి క్రూరత్వం పట్టికలో వుంటాయి. వచ్చినవాడి క్రూరత్వానికి గడి లేదు. ఆఫ్రికా తీరంలో బానిసలు దంతంతోబాటు ఒక వర్తక సరుకు.

ఆట మొదలయ్యే రోజుకు మూడు నెలల ముందు, 1444 ఆగస్టు 8న, దక్షిణ పోర్చుగల్‌లోని లాగోస్ రేవులో 235 మంది ఆఫ్రికా బందీలను దింపి పంచుకొన్నారు. రాకుమారుడు హెన్రీ తన అయిదో వంతుగా 46 మందిని పుచ్చుకొన్నాడు. తల్లులనుంచి బిడ్డలను విడదీయడం, ఆ యేడుపులు ఆస్థాన చరిత్రకారుడు జురారా రాసిపెట్టాడు. రాకుమారుణ్ణి పొగడడానికే కలం పట్టినవాడికి వినబడిన యేడుపు ఈ ఆటలో వినబడదు.

ఇంతకంటె లోతైన లోపం వర్తకంలో వున్నది. ఆటలో సంపద ప్రవహించే దిక్కులు ముందే నిర్ణయమై వుంటాయి. ఇంగ్లీషు చానెల్, జెనోవా, వెనిస్‌లకు చేరింది అక్కడినుంచి ముందుకు పోదు. ఆ దిక్కును ఏ ఆటగాడూ తిప్పలేడు. అసలు చరిత్ర వేరు. మచిలీపట్నపు బట్టలకోసం డచ్చి, ఇంగ్లీషు వర్తకులు వెండి, బంగారాలు తెచ్చి ముట్టజెప్పవలసి వచ్చింది. అమెరికా గనుల వెండిలో చాలా భాగం ఆసియాకే చేరింది. 1765లో బెంగాలు దివానీ చేజిక్కిన తరువాత కంపెనీ అక్కడి పన్నులతోనే అక్కడి సరుకు కొనసాగింది. దిక్కును మార్చింది కత్తి, శిస్తు. ఆ హింస ఫలితాన్ని ఈ ఆట 1444 నాటికే ప్రకృతి ధర్మంగా చూపుతున్నది.

విజయనగరాన్నో, కాంగోనో ఎన్నుకొని ఐరోపాను జయించవచ్చు గదా అని కొందరంటారు. నిజమే. 'పాశ్చాత్యీకరణ' అనే పాత నియమాన్ని 2016లో తొలగించారు కూడా. కాని రాజు మారినంత మాత్రాన రాజరికపు చూపు మారదు. విజయనగరపు సింహాసనం మీద కూర్చొన్నా రైతు అంకెగానే మిగులుతాడు.

ఈ ఆటను నిషేధించమని ఎవరూ కోరనక్కరలేదు. అధ్యాపకులు దీని పక్కన జురారా గ్రంథాన్ని, కంపెనీ జమాఖర్చులను వుంచి చదివించాలి. ఈ బాణపుగుర్తును ఇటు తిప్పినదెవరని విద్యార్థి అడగాలి. ఆ ప్రశ్నకు జవాబు ఆటలో లేదు. సాలెవాడి మగ్గం దగ్గర, లాగోస్ రేవులో వెతకాలి.